తెనాలి బండిలో ఇందిర

"వీడి చెంప పగలగొట్టాలి."

బండి కొలనుకొండ దాటింది. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఉలిక్కిపడి తలెత్తారు. కిటికీ పక్కనున్నామె పుస్తకాన్ని ఒళ్లో బోర్లించి, కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటున్నారు.

"ఎవరినక్కా?" అంది రోజూ దుగ్గిరాలలో ఎక్కే టీచరమ్మ.

"ప్రకాశాన్ని."

అక్క వాళ్ల ఆఫీసులో ప్రకాశం ఎవరబ్బా అని టీచరమ్మ ఆలోచనలో పడింది. ఆ ప్రకాశం ఏ ఆఫీసులోనూ లేడు. 1957 నుంచీ విశాఖపట్నంలో ఒక మేడమీద గదిలో అద్దెకుంటున్నాడు. డాక్టరు చదువుతుంటాడు, మంచివాడే, మాట మెత్తన. తీరా నిలబడాల్సిన చోట నిలబడడు. డాక్టర్ పి.శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’లో అతనిది పెద్ద పాత్రే. కానీ కిటికీ పక్కనున్నామెకు అతను పాత్ర కాదు, మనిషి. కనబడితే నిలదీయాల్సిన మనిషి.

ఆమెది తెనాలి, ఉద్యోగం విజయవాడలో. నలభై ఏడేళ్లు. పొద్దున వెళ్లే బండిలో ముప్పావు గంట, సాయంత్రం వచ్చే బండిలో ఇంకో ముప్పావు గంట, మధ్యలో సిగ్నలు దగ్గర ఆగినంతసేపూ అదనం. గత ఏడాదిన్నరలో ఆ గంటల్లోనే పదకొండు నవలలు చదివారు. తన పేరు మాత్రం రాయొద్దన్నారు. "నేను సాహిత్యం మనిషిని కాదండీ. ఏదో చదువుతాను, అంతే. చదివాక కోపం వస్తే కోపం, ఏడుపొస్తే ఏడుపు" అన్నారు. ఆ కోపాలూ ఏడుపులూ ఒక పాత డైరీ వెనక పేజీల్లో ఉన్నాయి. పెన్సిలుతో రాసినవి, కొన్నిచోట్ల బండి కుదుపుకు అక్షరాలు గీత దాటాయి. ఒక్కో నవలకు నాలుగైదు వాక్యాలు, ఎక్కువైతే పేజీ. వాటిలో శిల్పం, దృక్కోణం లాంటి మాటలు వెతికినా దొరకవు. మనుషుల గురించి మాటలే ఉంటాయి.

తెలుగు నవల గురించి పండితులు రాసినవి బోలెడున్నాయి. పరిశోధన గ్రంథాలున్నాయి, పీఠికలున్నాయి. మామూలు పాఠకులు మాత్రం చదివి, పక్కింటామెకు చెప్పి, మర్చిపోయారు. వాళ్ల మాటలు ఎక్కడా మిగల్లేదు. అందుకే ఈ పెన్సిలు రాతల్ని శ్రద్ధగా చూడాలనిపించింది.

తెనాలికి నవలతో పాత చుట్టరికం ఉంది. కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టింది ఆ ఊళ్లోనే. బెంగాలీ నేర్చుకుని శరత్‌బాబు నవలల్ని తెలుగువాళ్లకు ఇంటి మనుషుల్లా దగ్గర చేసిన చక్రపాణి ఆ ఊరివారు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం అక్కడే, గోపీచంద్ ఆయన కొడుకే. ఈమె చదువుకు మాత్రం మొదలు వీళ్లెవరూ కాదు, అమ్మమ్మ ఇనప్పెట్టె.

అమ్మమ్మ పోయాక పెట్టె తెరిస్తే అడుగున నాలుగు బైండు పుస్తకాలు దొరికాయి. పత్రికల్లో వచ్చిన సీరియళ్ల కాగితాలు కత్తిరించి, సూదీదారంతో కుట్టి, అట్ట వేయించినవి. ఆ రోజుల్లో ఈ పని చేయని చదువరి ఇల్లు అరుదు. కొనడానికి డబ్బుండేది కాదు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి తెచ్చుకోవాలి, ఎమెస్కో వాళ్ల ఇంటింటి గ్రంథాలయంలో చేరినవాళ్లకైతే నెలనెలా పోస్టులో వచ్చేవి. ఈ రెండూ కుదరని ఇళ్లలో పత్రికే పుస్తకం. ఒక పేజీలో కథానాయిక కన్నీళ్లు పెట్టుకుంటుంటే, వెనక పేజీలో జుట్టునూనె ప్రకటన. ఒక బైండులో రెండు భాగాల మధ్య తెల్లకాగితం కుట్టి, దానిమీద అమ్మమ్మ వంకర అక్షరాలతో రాసుకున్నారు: ‘ఈ నెలది దొరకలేదు. సుబ్బాయమ్మ చెప్పింది విన్నాను.’

ఆ బైండు ‘సెక్రటరీ’. యద్దనపూడి సులోచనారాణి 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో రాసిన నవల. జయంతి, రాజశేఖరం. తర్వాత 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. యద్దనపూడి 2018లో అమెరికాలో కన్నుమూసినప్పుడు, నవలలు చదవడం ఎప్పుడో మానేసిన ఆడవాళ్లు కూడా ఆ రోజంతా ఆమె గురించే మాట్లాడుకున్నారు.

పదహారేళ్లప్పుడు ఈమె ఆ బైండును అమ్మమ్మకు తెలియకుండా చదివారు. అప్పుడు రాజశేఖరం తప్ప ఇంకేమీ కనబడలేదట. ఆ కారు, ఆ నిబ్బరం, ఆ తక్కువ మాటలు. పెట్టెలో దొరికాక రెండోసారి చదివినప్పటి రాత డైరీలో ఇలా ఉంది: ‘జయంతికి ఉద్యోగం కావాలి. మొదటి పేజీ నుంచీ ఆ అవసరం కనబడుతూనే ఉంది. నాకప్పుడు ఎందుకు కనబడలేదు? నాకప్పుడు ఉద్యోగం అవసరం లేదు గనక.’ కింద ఇంకో వాక్యం: ‘అమ్మమ్మ దీన్ని ఎందుకు దాచుకుందో. ఆమె జీతం ముఖం చూసిన మనిషి కాదు.’

యద్దనపూడి నవలల్ని కలల బేరమని కొట్టిపారేసిన విమర్శ తెలుగులో చాలానే వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. కానీ కారున్న కథానాయకుడి పక్కనే, జీతం తెచ్చుకుని తలెత్తుకు నడిచే అమ్మాయి కూడా ఆ పేజీల్లో ఉంది. ఇల్లు కదలని ఒక ఆడమనిషి దాచుకున్నది ఎవరిని అన్న ప్రశ్న, విమర్శకులకంటే ఆ మనవరాలికే ముందు తట్టింది.

బైండులు అయిపోయాక ఏలూరు రోడ్డు మొదలైంది. విజయవాడలో పుస్తకాల షాపులన్నీ వరసగా ఉండే రోడ్డది. ఆఫీసు అయ్యాక అరగంట ముందు బయల్దేరి, స్టేషనుకెళ్లే దారిలో అక్కడ ఆగడం అలవాటైంది. ఏం కొనాలో చెప్పేవాళ్లు లేరు. షాపులో పనిచేసే పెద్దాయన "ఇది చదివారామ్మా?" అంటూ చేతిలో పెట్టిందల్లా కొన్నారు. అలా మూడు నెలల వ్యవధిలో, వరసగా, ముగ్గురు మగవాళ్లు ఆమె సంచిలోకి వచ్చారు. ‘అసమర్థుని జీవయాత్ర’ సీతారామారావు, ‘చివరకు మిగిలేది’ దయానిధి, ‘అల్పజీవి’ సుబ్బయ్య.

ఈ ముగ్గురి గురించి ఆమె రాసుకున్నది ఆ డైరీలోకెల్లా పెద్దది.

గోపీచంద్ సీతారామారావుది కలిగిన ఇల్లు. వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలన్న తండ్రి మాట నెత్తిన ఉంది. ఆ మాట నిలబెట్టబోయి ఆస్తి కరగదీసుకుంటాడు, తర్వాత తనను తానే తినేస్తుంటాడు. తెలుగులో మనసు లోపలి గొడవను నవలగా మలిచిన తొలి ప్రయత్నాల్లో దాన్ని లెక్కిస్తారు. బుచ్చిబాబు నవల 1946, 47ల్లో ‘నవోదయ’ పత్రికలో వచ్చింది. తల్లి గురించి ఊరు అనుకునే మాటలు దయానిధిని వెంటాడుతుంటాయి. కోమలి, అమృతం, ఇందిర, ఒక్కొక్కరి దగ్గరా ఏదో వెతుక్కుంటూ చివరికి అనంతపురం వైపు వెళ్లిపోతాడు. రావిశాస్త్రి సుబ్బయ్య చిన్న గుమాస్తా, నీడను చూసినా భయపడే మనిషి.

డైరీలో ఉన్నది ఇది: ‘ముగ్గురూ ఆలోచిస్తున్నారు. పగలూ రాత్రీ ఆలోచిస్తున్నారు. సంచి పట్టుకుని బజారుకెళ్లి కూరలు తెచ్చినవాడు ఒక్కడూ లేడు. సీతారామారావు గోడకేసి చూస్తూ కూర్చుంటే పొయ్యి మీదికి ఏమొచ్చిందో ఆ పెళ్లాం ఎలా చూసుకుందో నాకు కావాలి. అది ఎవరూ రాయలేదు.’

బండిలో దీనిమీద రెండు రోజులు చర్చ నడిచింది. కృష్ణా కెనాల్లో ఎక్కే రైల్వే ఉద్యోగి ఒకాయన దయానిధి పక్షం. చదువుకునే రోజుల్లో ‘చివరకు మిగిలేది’ నాలుగుసార్లు చదివారాయన. "ఆ మనిషికి ప్రేమించడం రావట్లేదమ్మా, ఆ బాధే పుస్తకమంతా. కూరలు తేలేదని తప్పుపడితే ఎలా?" అన్నారు. ఆమె కాసేపు ఊరుకుని, "మీరు చెప్పింది నిజమేనండీ. ఆ వాక్యాలు చదువుతుంటే ఊపిరి ఆడలేదు నాకు. కొన్ని పేజీలు రెండుసార్లు చదివాను. కానీ పుస్తకం మూసేశాక నేను ఆయనతో లేను, అమృతంతో ఉండిపోయాను" అన్నారు. ఆ మాటకు ఆయన జవాబివ్వలేదు. తర్వాతి వారం తన పాత ప్రతిని తెచ్చి ఆమెకిచ్చారు. దాన్నిండా ఆయన కుర్రతనంలో గీసుకున్న ఎర్ర గీతలు. ఒక్క గీతా అమృతం మాటల కింద లేదని ఆమె చూపిస్తే, ఆయన అవును కదా అన్నట్టు చాలాసేపు పేజీలు తిప్పారట.

సుబ్బయ్యను మాత్రం ఆమె క్షమించారు. ఎందుకో అడిగితే వెంటనే చెప్పలేకపోయారు. మర్నాడు ఫోన్ చేసి చెప్పారు. "రాత్రి పడుకున్నాక తెలిసిందండీ. సుబ్బయ్య భయానికి సుబ్బయ్యే ఎక్కువ నలిగాడు. ప్రకాశం పిరికితనం ఉందే, అది పక్కవాళ్ల బతుకులమీద పడింది. భయపడటం తప్పని నేననను. ఎవరు దాని ఖరీదు కట్టారన్నదే నా లెక్క." భయం గురించి తెలుగు విమర్శలో ఇంత సూటి తూకం కనబడటం అరుదు.

ఇక ఆ ప్రకాశం ఉన్న నవల దగ్గరికి రావాలి. పదకొండు నవలల్లో ఆమె రెండుసార్లు, మూడుసార్లు తిరిగి వెళ్లింది దాని దగ్గరికే.

‘కాలాతీత వ్యక్తులు’ 1957, 58ల్లో గోరాశాస్త్రి నడిపిన ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. శ్రీదేవి వృత్తిరీత్యా వైద్యురాలు. 1929లో పుట్టి, 1961లో, ముప్పై రెండేళ్లయినా నిండకుండానే వెళ్లిపోయారు. ఇంకో పాతికేళ్లు బతికి ఉంటే తెలుగు నవల ఏమయ్యేదో అనుకోకుండా ఆమె పేరు తలవడం కష్టం. ఆ వయసులో ఒక మనిషికి ఇందిర లాంటి అమ్మాయి ఎలా దొరికిందన్నది ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇందిర సంపాదిస్తుంది. బాధ్యత పట్టని తండ్రిని ఆమే పోషిస్తుంది. తనకేం కావాలో తనకు తెలుసు, దాన్ని దాచదు. మేడమీద ప్రకాశం నచ్చితే నచ్చాడన్నట్టే ఉంటుంది. అతను కల్యాణివైపు మొగ్గుతున్నాడని తెలిసినా వెనక్కి తగ్గదు. కల్యాణి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. మెత్తని మనసు, అభిమానం గల మనిషి. తండ్రి పోయి ఒంటరిదైపోతుంది. కృష్ణమూర్తి ఉన్నాడు, సరదా మనిషి. కల్యాణి స్నేహితురాలు వసుంధర ఉంది. ఎవరు ఎవరిని చేసుకుంటారో ఇక్కడ చెప్పేస్తే ఇంకా చదవనివాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఈమె దాన్ని మొదటిసారి చదివింది డిగ్రీలో. పంతొమ్మిదేళ్లు. హాస్టల్లో ఒకటే ప్రతి, పదిమంది చేతులు మారేది. "అప్పుడు హాస్టలు మొత్తం కల్యాణి పక్షం. ఇందిరంటే ఒళ్లు మండేది మాకు. తగుదునమ్మా అని ప్రతిదాంట్లో దూరుతుంది, ఇంకొకళ్ల మనిషిని లాక్కుంటుంది అనుకునేవాళ్లం. ఇందిరలా ఉందని ఒకమ్మాయికి పేరు కూడా పెట్టాం. ఆ అమ్మాయి పాపం ట్యూషన్లు చెప్పుకుని ఫీజు కట్టుకునేది."

ఆ చివరి వాక్యం అన్నాక ఆమె గొంతు తగ్గింది.

ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత అదే నవల బండిలో తెరిచారు. డైరీలో తేదీలు వేసి రాసుకున్నారు గనక, పక్షం ఎలా మారుతూ వచ్చిందో రోజువారీ తెలుస్తుంది. మొదటి రోజు: ‘ఇందిర మళ్లీ అలాగే ఉంది. నచ్చలేదు.’ మూడో రోజు: ‘తండ్రిని వదిలేసి పోవచ్చుగా. పోదు. ఎందుకు పోదు?’ ఐదో రోజు: ‘ఆఫీసు నుంచి వచ్చాక ఈ పిల్లకు మంచినీళ్లిచ్చేవాళ్లు లేరు. ఈ సంగతి నేనప్పుడు చదివానా అసలు?’ ఏడో రోజున ప్రకాశం చెంప గొడవ. ఎనిమిదో రోజున ఒకటే వాక్యం: ‘నేను ఇందిరనే.’

ఆ మాట ఎందుకు రాశారో ఆమె వివరంగా చెప్పారు. అందులో కొంతే ఇక్కడ చెప్పదగ్గది. నాన్న వ్యాపారం పోయాక ఇంటి బరువు ఆమెమీదే పడింది. తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి ఆమె జీతంతోనే జరిగాయి. ఆ ఏళ్లలో చుట్టాలు ఆమెను గయ్యాళి అన్నారు. డబ్బు లెక్క అడిగితే గయ్యాళి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో సూటిగా మాట్లాడితే గయ్యాళి. "హాస్టల్లో మేం ఆ అమ్మాయికి పెట్టిన పేరే నాకు తర్వాత ఊరు పెట్టింది" అన్నారు. కల్యాణిని ఇప్పుడు ఇష్టపడటం మానేశారా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. కల్యాణి బాధ అందరికీ కనబడుతుంది, అందుకని చెయ్యి అందించేవాళ్లు దొరుకుతారు. ఇందిర బాధ ఎవరికీ కనబడదు. చదివే మనకే కనబడలేదు మొదటిసారి. ఆమె చెప్పింది అదీ.

శ్రీదేవి చేసిన గొప్ప పని ఇదే. ఇందిర కన్నీళ్లు చూపించి మన జాలి అడగలేదు. పాఠకుడికి చిరాకు తెప్పించే గుణాలన్నీ ఆ అమ్మాయికి ఇచ్చి, పక్కనే ఆ గుణాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిపే చిన్న చిన్న వివరాలు పెట్టి వదిలేశారు. ఆ వివరాలు పట్టుకునే వయసు పాఠకుడికి రావాలి. ఈమెకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ నవల ఆధారంగానే 1963లో ఆదుర్తి సుబ్బారావు ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారు. మంచి పాటలున్న, హాయిగా సాగే సినిమా. నవల పూర్తిచేసిన వారంలో ఈమె ఆ సినిమా పెట్టుకుని చూశారు. నవ్వుకున్నారు, పాటలు పాడుకున్నారు. ఇందిర మాత్రం దొరకలేదట. దొరకదని ముందే తెలిసినా, ఆఖరి సీను దాకా ఎదురుచూశారట.

మధ్యలో ‘వేయిపడగలు’ ఎత్తారు. విశ్వనాథ సత్యనారాయణ ఇరవై తొమ్మిది రోజుల్లో చెబుతూ రాయించారని ప్రసిద్ధి. పి.వి.నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. సుబ్బన్నపేట వర్ణనలు కొన్ని పైకి చదివి ఇంట్లో వాళ్లకు వినిపించారు కూడా. రెండువందల పేజీల తర్వాత ఆపేశారు. సంచిలో అంత బరువు మోయలేక కొంత, ధర్మారావుతో మాట కలవక కొంత. ఆ పేజీలో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ దీనికి పూర్తిగా ఎదురు. చిన్న పుస్తకం. బండిలో మొదలుపెట్టి, ఇంటికెళ్లి వంట కూడా చేయకుండా, అర్ధరాత్రికి ముగించారు. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ బతికిన రచయిత ఆయన. 2015లో పోయారు. పందులు కాచుకునే ఒక ముసలాయన. పొద్దుగూకినా ఇంటికి రాని చూడి పంది. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. అది ఈని ఉంటుంది. పిల్లల దగ్గరికి ఎవరినీ రానివ్వదు, చేరదీసి పెంచిన ముసలాయన్నయినా సరే. చుట్టూ నక్కలు. అంతే కథ. ఒక్క రాత్రి.

‘నా భుజాలు నొప్పి పుట్టాయి’ అని మొదలవుతుంది డైరీ పేజీ. చదువుతున్నంతసేపూ ముసలాయన బల్లెం తన చేతిలోనే ఉన్నట్టు బిగబట్టుకుని కూర్చున్నారట. తర్వాత చిన్నప్పటి సంగతి ఒకటి. అమ్మమ్మ వాళ్ల గేదె ఈనిన రోజున, పదేళ్లుగా మేత వేస్తున్న అమ్మమ్మనే కొమ్ములతో నెట్టేసింది. అమ్మమ్మ కిందపడి లేచి, మట్టి దులుపుకుంటూ, ‘తల్లయిందే, దానికిప్పుడు నేనెవర్నీ కాను’ అందట. కేశవరెడ్డి నవల మీద వచ్చిన వ్యాసాల్లో మనిషీ ప్రకృతీ అంటూ చాలా చర్చ ఉంది. అమ్మమ్మ మాట వాటి పక్కన పెట్టదగ్గది.

ఆ నవల భాష గురించి కూడా ఒక మాట. చిత్తూరు యాస ఆమెకు కొత్త. మొదటి పది పేజీలు తడబడ్డారు. పెదాలు కదుపుతూ చదివితే అర్థమైందట. బండిలో పక్కనున్నవాళ్లు జపం చేసుకుంటోందని అనుకుని మాట్లాడించలేదు.

డైరీలో ఒక చోట పది రోజుల ఖాళీ ఉంది. ముందు పేజీలో పుస్తకం పేరు మాత్రం రాసి ఉంది: ‘అంటరాని వసంతం. జి.కల్యాణరావు.’ కింద ఏమీ లేదు.

2000లో వచ్చిన నవల అది. రూతు జ్ఞాపకాలుగా తరాల కథ నడుస్తుంది. వీధి భాగోతం ఆడే ఎల్లన్న, సుభద్ర, కరువులో పనికోసం కాలువ తవ్వకానికి నడిచిపోయే శివయ్య. 1876 నాటి ఆ ధాత కరువు కాలంలోనే బకింగ్‌హామ్ కాలువ తవ్వకాలు జరిగాయి. ఆకలితో చచ్చేచోట కూడా కులం చూసి పని దగ్గరినుంచి తరిమినవాళ్లున్నారు. పాటలు కట్టిన మనుషుల పేర్లు చరిత్రలో ఎందుకు లేవో, ఎవరు లేకుండా చేశారో ఆ నవల అడుగుతుంది.

పది రోజులు ఎందుకు రాయలేదంటే, "నాకు రాసే హక్కుందా అనిపించింది" అన్నారు. ఇందిరలో తనను చూసుకున్నారు, ముసలాయన బల్లెం తన చేతిలోకి తీసుకున్నారు. ఇక్కడ అలా చేయలేకపోయారు. తన వాళ్లు ఆ నవలలో ఏ వైపున ఉన్నారో ఆమెకు తెలుసు. అమ్మమ్మ ఊళ్లో దళితుల పేట ఎటువైపుండేదో గుర్తు చేసుకోబోతే, తను ఒక్కసారైనా అక్కడికి వెళ్లలేదని గుర్తొచ్చింది.

ఆ పుస్తకం అట్ట చూసి పలకరించింది ఒక నర్సు. అదే రైలు పెట్టెలో రోజూ ఎదురుబొదురుగా కూర్చుని, రెండేళ్లుగా నవ్వుకోవడం తప్ప మాటల్లేని పరిచయం. పుస్తకం అడిగి తీసుకుని, నాలుగు రోజుల తర్వాత తిరిగిచ్చింది. "మా నాయనమ్మ చెప్పిన కథలు ఇట్టాగే ఉండేయి మేడం. కరువులో నడిచిపోవటం, దోవలో పిల్లలు పోవటం. ఇయ్యి పుస్తకాల్లో ఎక్కుతాయని నాకు తెల్దు" అంది. ఆ సాయంత్రం తెనాలి దాకా నాయనమ్మ కథలే. ఈమె మాట్లాడకుండా విన్నారు. పదకొండో రోజున డైరీలో రాసింది తన స్పందన కాదు, నర్సు చెప్పిన ఆ కథ. రెండు పేజీలు నిండింది. చివర ఇలా ఉంది: ‘అమ్మమ్మ బైండు పుస్తకాల్లోని ఊళ్లలో ఈ పేట ఎక్కడుంది? మళ్లీ తిరగేసి చూడాలి.’

ఆ తర్వాతే ‘మాలపల్లి’ కొన్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన నవల, 1922 నాటిది. ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. అది ఇంకా సగంలో ఉంది. ఈసారి ఒంటరిగా కాదు, నర్సమ్మా ఆమే ఒకే ప్రతిని పొద్దునొకరు, సాయంత్రమొకరు చదువుతున్నారు. గుర్తుగా పెట్టిన కాగితాలు రెండు.

‘కొండపొలం’ ఇంట్లో గొడవ పెట్టింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ఈ నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. 2021లో క్రిష్ సినిమా తీశారు. కరువొస్తే కడప జిల్లా గొర్రెల కాపర్లు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు, దాన్నే కొండపొలం పోవడం అంటారు. చదువుకున్న కుర్రాడొకడు వాళ్లతో వెళ్తాడు. ఆమె కొడుకు ఇంజినీరింగ్ విద్యార్థి, సినిమా చూసినవాడు. అమ్మ నవల చదువుతుంటే "ఓబులమ్మ ఎక్కడొచ్చింది ఇప్పుడు?" అని అడిగాడు. ఎంత వెతికినా ఓబులమ్మ రాలేదు. సినిమావాళ్లు కలిపారంటే నమ్మక, తనే చదవడం మొదలెట్టాడు. తెలుగు నవల పూర్తిగా చదవడం అతనికదే మొదలు. మూడు వారాలు పట్టింది. మాటకు మాట అర్థం అడుగుతూ, మధ్యలో వదిలేసి మళ్లీ ఎత్తుకుంటూ.

అయిపోయాక ఎలా ఉందని అడిగారామె. "సినిమాలో పులి వచ్చినప్పుడు భయమేసిందమ్మా. ఇందులో నీళ్లు దొరకనప్పుడు భయమేసింది" అన్నాడు. డైరీలో ఆ నవల కింద ఆమె సొంత మాట ఒక్కటీ లేదు. కొడుకు మాటే రాసి, చుట్టూ పెన్సిలుతో గడి గీశారు.

బండిలో ఇప్పుడు పుస్తకాలు తిరగడం మొదలైంది. ఎవరూ సంఘమని పేరు పెట్టుకోలేదు. టీచరమ్మ ‘అల్పజీవి’ తీసుకెళ్లి రెండు నెలలైంది, తిరిగివ్వలేదు. రైల్వే ఆయన ఎర్రగీతల ప్రతి ఈమె దగ్గరే ఉంది. ‘కాలాతీత వ్యక్తులు’ను మొన్న కొత్తగా ఎక్కుతున్న అమ్మాయికిచ్చారు. విజయవాడలో మొదటి ఉద్యోగం, ఇరవై రెండేళ్లు, చెవుల్లో ఎప్పుడూ పాటలు. ఇస్తూ ఇందిర గురించి ఏమీ చెప్పకూడదని ఆమె గట్టిగా అనుకున్నారు. నాలుక కరుచుకుని మరీ ఊరుకున్నారు. ఆ అమ్మాయి కల్యాణి పక్షం అవుతుందా, ఈ కాలం పిల్ల గనక నేరుగా ఇందిర వైపు వెళ్తుందా అని నాలుగు రోజులు ఎదురుచూశారు.

ఐదో రోజు సాయంత్రం పెదవడ్లపూడి దగ్గర బండి సిగ్నలు కోసం ఆగింది. అమ్మాయి చెవుల్లోంచి వైర్లు తీసి, సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది.

"ఎలా ఉంది?"

"బావుంది పిన్నీ. కానీ మీరందరూ ఇందిర, కల్యాణి, ఇందిర, కల్యాణి అంటుంటారు కదా. వసుంధర గురించి ఎవరూ మాట్లాడరేంటి?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయారు. వసుంధర. మూడుసార్లు చదివారు. డైరీలో ఎనిమిది రోజుల రాతలున్నాయి. ఆ పేరు ఒక్కసారి కూడా రాయలేదు.

సిగ్నలు పడి బండి కదిలింది. దుగ్గిరాల వచ్చేసరికి కిటికీలోంచి పసుపు వాసన కొడుతోంది. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ తెరిచారు.